విమానం ఎక్కడ మారాలి?

హైదరాబాద్ నుంచి డాలస్‌కో చికాగోకో టికెట్ వెతుకుతున్నారు. ఒక దారి దుబాయ్ మీదుగా ఉంది, ఒకటి దోహా మీదుగా, మరొకటి లండన్, ఇంకొకటి ఫ్రాంక్‌ఫర్ట్. ధరల్లో తేడా మరీ ఎక్కువేం లేదు. ఇప్పుడు దేన్ని బట్టి తేల్చుకుంటారు? చాలామంది మొదట ధర చూస్తారు, ఆ తర్వాత మొత్తం ఎన్ని గంటల ప్రయాణమో చూస్తారు, అక్కడితో ఆగిపోతారు. ఇంకాస్త జాగ్రత్తగా ఉండేవాళ్ళు ‘ఏ ఎయిర్‌పోర్టు బాగుంటుంది?’ అని తెలిసినవాళ్ళను అడుగుతారు. అడగడం మంచిదే. కానీ ఒకరు సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టు జలపాతం గురించి చెబుతారు, ఒకరు దుబాయ్ డ్యూటీ ఫ్రీ గురించి, ఇంకొకరు దోహాలో ఉన్న పసుపురంగు ఎలుగుబంటి బొమ్మ గురించి. ఇవన్నీ విన్నాక కూడా మీ ప్రశ్న అలాగే ఉండిపోతుంది. ఎందుకంటే మీకు కావలసింది ఆ ఎయిర్‌పోర్టులో ఏముందో కాదు. అక్కడ దిగి, మళ్ళీ ఎక్కే లోపల అది మీ చేత ఎన్ని పనులు చేయిస్తుందో తెలియాలి. మారే చోటును ఆ లెక్కన ఎంచుకోమనడమే ఈ అధ్యాయం సారాంశం.

తరచూ దేశాలు తిరిగేవాళ్ళు మెచ్చుకునే పేర్లు, విసుక్కునే పేర్లు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. మెచ్చుకునే వాటిలో సింగపూర్ చాంగీ, సోల్ ఇంచాన్, మ్యూనిక్, జ్యూరిక్ వినిపిస్తాయి. విసుక్కునే వాటిలో పారిస్ షార్ల్ ద గోల్, లండన్ హీత్రో, న్యూయార్క్ జేఎఫ్‌కే తరచూ వస్తాయి. మొదటి జాబితాలోవి అందంగా ఉన్నందుకే గెలిచాయా? పారిస్ మొదటి టెర్మినల్ 1974లో తెరిచినప్పుడు ఆర్కిటెక్చర్ ప్రపంచమంతా దాని గుండ్రటి కాంక్రీటు కట్టడాన్ని గొప్పగా చెప్పుకుంది. హీత్రోలో దుకాణాలకూ హోటళ్ళకూ కొదవలేదు. అయినా విసుగు ఎందుకు? పారిస్‌లో రెండో టెర్మినల్ అనేది ఒక భవనం కాదు. ఏ నుంచి జీ దాకా అక్షరాలు పెట్టిన విడివిడి హాళ్ళు. ఒక హాల్లో దిగి మరో హాల్లో ఎక్కాలంటే చాలా నడవాలి, కొన్నిసార్లు బస్సెక్కాలి. హీత్రోలో విమానం మారే ప్రతివాళ్ళూ మళ్ళీ సెక్యూరిటీ తనిఖీ దాటాలి, టెర్మినల్ మారితే బస్సు కూడా. జేఎఫ్‌కేలో టెర్మినళ్ళు వేర్వేరు భవనాలు. బయటికొచ్చి, ఎయిర్‌ట్రెయిన్ ఎక్కి, ఇంకో భవనంలో మళ్ళీ సెక్యూరిటీ లైన్లో నిలబడాలి. చాంగీలోనేమో ఒకటి, రెండు, మూడు టెర్మినళ్ళ మధ్య ట్రాన్సిట్ ప్రయాణికులు ఇమిగ్రేషన్ దాటకుండానే స్కైట్రెయిన్‌లో తిరగొచ్చు. వియన్నా ఎయిర్‌పోర్టు 25 నిమిషాల్లో విమానం మార్చగలనని చెప్పుకునేది కూడా అంతా ఒకే కప్పు కింద ఉండటం వల్లే. మెప్పుకీ విసుగుకీ మధ్య తేడా ఎక్కువగా ఇక్కడే ఉంది.

‘మరి ఎయిర్‌పోర్టులకు స్కైట్రాక్స్ అవార్డులు ఊరికే ఇస్తారా?’ అని మీరు అడగొచ్చు. ఊరికే ఇవ్వరు. ప్రయాణికుల సర్వేల మీదే ఇస్తారు. 2013 నుంచి 2020 దాకా వరసగా ఎనిమిదేళ్ళు చాంగీకే మొదటి స్థానం, తర్వాత 2021, 2022ల్లో దోహా. కానీ ఆ సర్వేలో జవాబిచ్చేవాళ్ళలో ఆ ఊళ్ళోనే విమానం ఎక్కేవాళ్ళుంటారు, దిగి ఇంటికి పోయేవాళ్ళుంటారు, మూడు గంటలు ఖాళీగా కూర్చున్నవాళ్ళుంటారు. మీ అవసరం వేరు. ఉదాహరణకు చాంగీ అనగానే అందరికీ గుర్తొచ్చే 40 మీటర్ల జలపాతం 2019లో తెరిచిన జ్యూయెల్ భవనంలో ఉంది, అది ఇమిగ్రేషన్ అవతల. సింగపూర్‌లోకి అడుగుపెట్టే అనుమతి లేకుండా విమానం మారేవాళ్ళు దాని దగ్గరికి వెళ్ళలేరు. ఆ జలపాతం చూసి దారి ఎంచుకోవడం పెళ్ళిపందిరి అలంకరణ చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టే.

పేరుప్రతిష్ఠలకు ఇంకో లోపం కూడా ఉంది. అవి పాతబడతాయి. హీత్రో ఐదో టెర్మినల్ 2008 మార్చిలో తెరిచిన రోజునే లగేజీ వ్యవస్థ కుప్పకూలి, వేల సంచులు యజమానుల నుంచి విడిపోయాయి. అదే టెర్మినల్‌ను తర్వాతి ఏళ్ళలో స్కైట్రాక్స్ ఒకటికి మించిన సార్లు ప్రపంచంలోనే మేటి టెర్మినల్‌గా ఎంపిక చేసింది. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌ది దీనికి తలకిందుల కథ. ఒకే టెర్మినల్, లోపలే రైక్స్ మ్యూజియం శాఖ, ఏళ్ళ తరబడి ప్రయాణికుల ఇష్టం. 2022 వేసవిలో సిబ్బంది చాలక సెక్యూరిటీ క్యూలు భవనం దాటి బయటికి పాకాయి, సెప్టెంబరులో దాని ముఖ్య అధికారి రాజీనామా చేశారు. న్యూయార్క్ లగార్డియాను 2014లో అమెరికా ఉపాధ్యక్షుడే మూడో ప్రపంచ దేశంతో పోల్చాడు. ఇప్పుడు అక్కడివి కొత్త టెర్మినళ్ళు. కాబట్టి మీ బావగారు పదేళ్ళ కింద పడ్డ ఇబ్బందిని బట్టి ఇవాళ టికెట్ కొనకండి. మరి ఏం చూడాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

1. పనులు లెక్కపెట్టండి. ఒక కాగితం తీసుకుని, విమానం దిగిన క్షణం నుంచి తర్వాతి విమానం గేటు దాకా మీరు చేయాల్సినవి వరసగా రాయండి. భవనం మారాలా? ఇమిగ్రేషన్ దాటాలా? సామాను తీసుకుని మళ్ళీ అప్పగించాలా? సెక్యూరిటీ మళ్ళీ ఉందా? దుబాయ్‌లో ఎమిరేట్స్ నుంచి ఎమిరేట్స్‌కే మారితే సెక్యూరిటీ ఒక్కటే పని, మిగతాదంతా మూడో టెర్మినల్ లోపల నడకో చిన్న రైలో. అదే దుబాయ్‌లో రెండో టెర్మినల్ నుంచి ఎగిరే విమానానికి మారాల్సి వస్తే, అది రన్‌వేకి అవతలి వైపు ఉంది, బస్సులో పోవాలి. ఎయిర్‌పోర్టు ఒకటే, పనులు వేరు. అందుకే ‘దుబాయ్ మంచిదా?’ అనే ప్రశ్నకు జవాబు ఉండదు. మీ టికెట్ మీద టెర్మినల్ నంబర్లు ఏమున్నాయో చూసుకుంటే జవాబు దొరుకుతుంది.

ఈ లెక్కలో అమెరికాది ప్రత్యేక స్థానం. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు అమెరికాలో మొదట ఏ ఊళ్ళో దిగితే అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే సామాను చేతికి తీసుకుని కస్టమ్స్ దాటడం, మళ్ళీ అప్పగించడం, మళ్ళీ సెక్యూరిటీ. సంచి ట్యాగ్ మీద చివరి ఊరి పేరు ఉన్నా సరే, సాధారణంగా ఇది తప్పదు. చికాగో ఓహేర్‌లో ఎక్కువ విదేశీ విమానాలు దిగేది ఐదో టెర్మినల్‌లో. దేశీయ విమానాలకు ఎక్కువగా వేరే టెర్మినళ్ళకు రైలెక్కి పోవాలి. డాలస్ ఫోర్ట్‌వర్త్‌లో ఒకసారి సెక్యూరిటీ దాటితే చాలు, స్కైలింక్ రైలు ఐదు టెర్మినళ్ళనూ లోపలి నుంచే కలుపుతుంది. మీరు ఆస్టిన్‌కో కాన్సస్ సిటీకో వెళ్ళాలనుకోండి, అమెరికాలో అడుగుపెట్టే ఊరు ఏదన్నది మధ్యలో దుబాయా దోహానా అన్నదానికన్నా ముఖ్యం. టికెట్ కొనేటప్పుడు దీన్ని ఎంతమంది చూస్తున్నారు?

ఇక్కడే అబుదాబి గురించి కూడా తెలుసుకోవాలి. 2014 నుంచి అక్కడ అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ అధికారులు కూర్చుంటున్నారు. ఆ తనిఖీ అంతా అబుదాబిలోనే అయిపోతుంది, అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుల్లా నడిచి బయటికి వచ్చేస్తారు. ఐర్లండ్‌లో డబ్లిన్, షానన్‌లలోనూ ఇదే ఏర్పాటు. పనుల సంఖ్య తగ్గదు కదా, చోటు మారిందంతే కదా అనిపించొచ్చు. నిజమే, కానీ ఆ మార్పుకే విలువ. పదిహేను గంటలు కూర్చుని అలసిపోయి, తర్వాతి విమానం టైము దగ్గరపడుతుంటే క్యూలో నిలబడటం వేరు, ప్రయాణం మధ్యలో ఆ పని ముగించుకుని నిశ్చింతగా నిద్రపోవడం వేరు. కాకపోతే అబుదాబిలో రెండు గంటలకన్నా తక్కువ వ్యవధి ఉన్న టికెట్ తీసుకోకండి. చదువుకోవడానికి మొదటిసారి వెళ్ళే పిల్లలు అమెరికా కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం, ఫీజు కట్టిన కాగితాలు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టేయకుండా చేతి సంచిలో ఉంచుకోవాలి. ప్రశ్నలు అడిగేది అబుదాబిలోనే.

2. చేతిలో నిజంగా ఎన్ని నిమిషాలుంటాయో చూడండి. టికెట్ మీద ‘లేఓవర్ 1 గంట 30 నిమిషాలు’ అని ఉంటుంది. అది మీకు దక్కే సమయం కాదు. విమానం నేలకు తాకాక గేటు దాకా రావడం, తలుపు తెరవడం, వెనక వరుసల్లో ఉన్న మీ వంతు రావడం, వీటికే ఇరవై నిమిషాలు సులువుగా పోతాయి. తర్వాతి విమానం గేటు బయలుదేరే టైముకు పదిహేను ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు. మిగిలింది యాభై నిమిషాలు. అందులో సెక్యూరిటీ క్యూ, నడక, మధ్యలో బాత్రూమ్. మొదటి విమానం అరగంట ఆలస్యమైతే ఇక చెప్పేదేముంది?

ప్రతి ఎయిర్‌పోర్టుకీ ‘కనీస కనెక్షన్ సమయం’ అని ఒకటి ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ తనది 45 నిమిషాలని చెబుతుంది. విమాన సంస్థలు ఆ కనీసాన్ని పట్టుకుని టికెట్లు అమ్ముతాయి. వెబ్‌సైట్ అమ్మింది కాబట్టి సరిపోతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ లెక్క దారి తెలిసి, చురుగ్గా నడిచే మనిషికి, విమానం టైముకు దిగిన రోజుకు సరిపోతుంది. ఒక్కరే వెళుతూ, ఇంగ్లిష్ బోర్డులు చదవగలిగి, చేతిలో చిన్న సంచి మాత్రమే ఉంటే రెండు గంటలు హాయిగా సరిపోతాయి. పిల్లలతో వెళితే మూడు. అమెరికాలో దిగి మారాలంటే మూడుకు తగ్గకూడదన్నది నా అభిప్రాయం. చలికాలం చికాగోలో మంచు, డిసెంబరు జనవరిల్లో ఢిల్లీలో పొగమంచు ఉంటాయి కాబట్టి ఆ నెలల్లో ఇంకో గంట కలుపుకోండి. 2024 ఏప్రిల్‌లో దుబాయ్‌లో కురిసినట్టు రికార్డులు మొదలైనప్పటి నుంచీ ఎన్నడూ లేనంత వాన కురిస్తే ఏ లెక్కా పనిచేయదు. దానికోసం ముందుగా చేయగలిగేది నాలుగో అంశంలో చెబుతాను.

‘అంతసేపు ఖాళీగా కూర్చోవడం వృథా కదా?’ అంటారేమో. అందమైన ఎయిర్‌పోర్టు ఉపయోగపడేది ఇక్కడే, దాన్ని నేను కాదనను. ఐదారు గంటలు ఆగాల్సి వస్తే చాంగీలో ఉచిత సినిమాహాలు, మూడో టెర్మినల్ సీతాకోకచిలుకల తోట, దోహాలో చెట్ల మధ్య కూర్చునే ఆర్చర్డ్, ఇవన్నీ ట్రాన్సిట్ ప్రయాణికులకు అందుబాటులో ఉంటాయి. గంటన్నరలో పరిగెత్తేవాళ్ళకు వాటితో పనిలేదు. అంటే ముందు మీ వ్యవధి తేల్చుకోండి, అది ఎక్కువైతేనే సౌకర్యాలకు మార్కులు వేయండి.

3. వీసా ముందే చూసుకోండి. ఎయిర్‌పోర్టు దాటి బయటికి పోకపోయినా కొన్ని దేశాల్లో భారత పాస్‌పోర్టుకు ట్రాన్సిట్ వీసా కావాలి. బ్రిటన్‌లో అలాంటి నిబంధన ఉంది. చెల్లుబాటయ్యే అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వీసా ఉంటే మినహాయింపు దొరుకుతుంది. యూరప్ దేశాల్లో ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి, అవీ మారుతుంటాయి, కాబట్టి టికెట్ కొనే రోజున ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లోనే చూడండి. ఎప్పటికీ మారని ఉచ్చు ఇంకొకటుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు పోయి, ఆమ్‌స్టర్‌డామ్‌లో అమెరికా విమానం ఎక్కే టికెట్ చౌకగా కనిపిస్తుంది. ఆ మధ్య ప్రయాణం, దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు లేని షెంగెన్ ప్రాంతం లోపలిది. అంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో మీరు షెంగెన్‌లోకి ప్రవేశించినట్టే లెక్క, ట్రాన్సిట్ వీసా చాలదు, పూర్తి షెంగెన్ వీసా కావాలి. అది లేకపోతే హైదరాబాద్ కౌంటర్లోనే బోర్డింగ్ పాస్ ఇవ్వరు. యూరప్‌లో రెండు చోట్ల ఆగే టికెట్ కనిపిస్తే ముందు ఇది గుర్తుకు రావాలి.

4. అంతా ఒకే టికెట్ మీద ఉండాలి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఒక సంస్థలో, దుబాయ్ నుంచి లండన్‌కి ఇంకో సంస్థలో విడివిడిగా కొంటే పది పన్నెండు వేలు మిగులుతాయని లెక్క చూపించేవాళ్ళుంటారు. మిగులుతాయి, అన్నీ సవ్యంగా జరిగితే. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత సంస్థది. విడివిడి టికెట్లయితే రెండో సంస్థ దృష్టిలో మీరు రాని ప్రయాణికుడు, అంతే. ఆ రోజు ధర పెట్టి కొత్త టికెట్ కొనుక్కోవాలి. పైగా చాలాసార్లు సామాను మధ్యలో తీసుకోవాలి, దానికి ఇమిగ్రేషన్ దాటాలి, దానికి వీసా కావాలి. మిగిలిన పదివేలకు ఇన్ని పనులు నెత్తికెత్తుకుంటున్నారు.

ఒకే టికెట్‌తో యూరోపియన్ యూనియన్ సంస్థలో ఆ యూనియన్ దేశాల్లోని ఊళ్ళకే వెళ్ళేవాళ్ళకు ఇంకో రక్షణ ఉంది. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన ప్రకారం, కనెక్షన్ తప్పి మూడు గంటలకు మించి ఆలస్యంగా గమ్యం చేరితే, కారణం సంస్థ చేతిలో ఉన్నదైతే, దూరాన్ని బట్టి 600 యూరోల దాకా పరిహారం అడగొచ్చు. మన ప్రయాణికుల్లో చాలామంది దీన్ని అడగరు. ఆలస్యమైన రోజున బోర్డింగ్ పాసులు పారేయకండి, ఆలస్యానికి కారణం రాసిమ్మని కౌంటర్లో అడగండి.

కౌంటర్లో ఇంకో చిన్న పని. సామాను బెల్టు మీద వేసేటప్పుడు అతికించే పొడుగాటి ట్యాగ్ వైపు చూడండి. పెద్ద అక్షరాల్లో మూడక్షరాల కోడ్ ఉంటుంది. డి.ఎక్స్.బి. అంటే దుబాయ్, ఓ.ఆర్.డి. అంటే చికాగో ఓహేర్. ఆ పెద్ద కోడ్ మీరు చివరికి చేరే ఊరిదై ఉండాలి. మధ్యలో ఆగే ఊరిదైతే అక్కడే, ట్రాలీ కదలక ముందే, అడగండి. ఆ ట్యాగ్ నుంచి చింపి మీ చేతికిచ్చే చిన్న ముక్కను ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

5. ఎవరు వెళుతున్నారో దాన్ని బట్టి చోటు మారుతుంది. గుంటూరు నుంచి అరవై ఎనిమిదేళ్ళ అమ్మ, డెబ్బై దాటిన నాన్న మనవరాలి కోసం అట్లాంటా వెళుతున్నారనుకోండి. కొడుకు అక్కడి నుంచి టికెట్ బుక్ చేస్తున్నాడు. అతనికి అలవాటైన దారి లండన్. తను రెండు నిమిషాల్లో టెర్మినల్ బస్సు పట్టుకుంటాడు కాబట్టి అదేమంత కష్టమనిపించదు. వాళ్ళకు ఇంగ్లిష్ ప్రకటనలు అర్థం కావు, మోకాళ్ళు నొప్పి, ఎవరినైనా అడగాలంటే మొహమాటం. వాళ్ళకు మంచి ఎయిర్‌పోర్టు అంటే ఒకే టెర్మినల్, ఒకే సంస్థ, ఒకే మార్పు. గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో హిందీ మాట్లాడే సిబ్బంది అడుగడుగునా కనిపిస్తారు, తెలుగువాళ్ళూ తగులుతుంటారు. ఈ ఒక్క సౌకర్యం ఏ అవార్డు లెక్కలోకీ రాదు గానీ, అమ్మానాన్నల విషయంలో అన్నిటికన్నా ముందు పెట్టదగ్గది.

వాళ్ళకు వీల్‌చైర్ సాయం తప్పకుండా అడగండి. నడవగలిగే మనిషికి అదెందుకని పెద్దవాళ్ళు నామోషీగా ఫీలవుతారు. ఆ సాయం కుర్చీ కోసం మాత్రమే కాదు, గేటు నుంచి గేటు దాకా దారి తెలిసిన మనిషి తోడుంటాడు, ఇమిగ్రేషన్ లైన్లో పక్కనే నిలబడతాడు. దానికి విడిగా రుసుము లేదు. అమెరికాలో అది విమాన సంస్థ బాధ్యత, యూరప్‌లో ఎయిర్‌పోర్టు బాధ్యత. ప్రయాణానికి 48 గంటల ముందే నమోదు చేయించాలి. నమోదులో మూడు కోడ్‌లుంటాయి: కాస్త దూరం నడిచి మెట్లు ఎక్కగలిగితే డబ్ల్యూ.సి.హెచ్.ఆర్., మెట్లు ఎక్కలేకపోతే డబ్ల్యూ.సి.హెచ్.ఎస్., సీటు దాకా మోసుకెళ్ళాల్సిందే అయితే డబ్ల్యూ.సి.హెచ్.సి. ఏజెంటు ఏది నమోదు చేశాడో అడిగి తెలుసుకోండి. అయితే కుర్చీ వచ్చేదాకా ఆగాలి, అందరూ దిగాకే వీళ్ళను దింపుతారు, కాబట్టి వీళ్ళకు గంటన్నర వ్యవధి అస్సలు పనికిరాదు.

6. పచ్చళ్ళు, పొడులు చెక్-ఇన్ సామానులోనే. హైదరాబాద్ సెక్యూరిటీలో దాటిందని ఆవకాయ సీసా చేతి సంచిలో ఉంచుకుంటే, మారే చోట మళ్ళీ తనిఖీ ఉంటే అది అక్కడే ఆగిపోవచ్చు. అమెరికా వెళ్ళే విమానాల్లో చేతి సంచిలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడులకు అదనపు తనిఖీ ఉంటుంది. కారప్పొడి, కందిపొడి డబ్బాలు అందులోకే వస్తాయి. ఆ తనిఖీకి పట్టే పది నిమిషాలు మీ యాభై నిమిషాల్లోంచే పోతాయి.

‘ఇదంతా బాగానే ఉంది, మా టికెట్ ఏజెంటే చూస్తాడు, మేం ఎంచుకునేదేముంది?’ అనేవాళ్ళకు ఒక మాట. ఏజెంటు మీరు అడిగినదాన్నే వెతుకుతాడు. ‘తక్కువలో చూడండి’ అంటే తక్కువలోనే చూస్తాడు. ‘ఒకే పీఎన్ఆర్, మధ్యలో టెర్మినల్ మారకూడదు, కనెక్షన్ మూడు గంటలు, వీల్‌చైర్ నమోదు’ అని నాలుగు మాటలు చెప్పి చూడండి, వచ్చే జాబితానే వేరుగా ఉంటుంది. ధర తేడా అప్పుడు మీ కళ్ళముందు ఉంటుంది. మూడు వేలు ఎక్కువైతే మారుమాట లేకుండా ఇవ్వండి. ముప్పై వేలు ఎక్కువైతే, వెళ్ళేది కుర్రాడైతే, హీత్రో బస్సు ఎక్కించండి, తప్పేం లేదు. పనులు లెక్కపెట్టమన్నది ఎప్పుడూ ఖరీదైనదే కొనమని కాదు, ఆదా చేసిన డబ్బుకు బదులుగా ఏం ఇస్తున్నారో తెలిసి ఇవ్వమని.

7. తిరుగు ప్రయాణాన్నీ ఇలాగే చూడండి. వెళ్ళేటప్పుడు పెట్టిన శ్రద్ధ వచ్చేటప్పుడు ఎవరూ పెట్టరు. విశాఖపట్నానికో విజయవాడకో చేరాల్సినవాళ్ళు ఢిల్లీ మీదుగా వస్తే, ఇమిగ్రేషన్ ఢిల్లీలోనే, సామాను తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ అప్పగించడం అక్కడే, దేశీయ విమానం వేరే టెర్మినల్‌లో ఉంటే రోడ్డు మీద ఇంకో ప్రయాణం. ముంబైలోనూ టెర్మినల్ మారాలంటే ఒక భవనం వదిలి ఇంకో భవనానికి పోవాల్సిందే. హైదరాబాద్‌లో దిగినా ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ తప్పవు. కానీ 2008లో శంషాబాద్‌లో కట్టిన టెర్మినల్‌లో అంతర్జాతీయ, దేశీయ విభాగాలు ఒకే భవనంలో ఉన్నాయి, ట్రాలీ తోసుకుంటూ నడిచిపోవచ్చు. అర్ధరాత్రి దాటాక దిగే విమానాలే ఎక్కువ కాబట్టి, విశాఖ విమానం తెల్లవారుజామున ఎన్నింటికి ఉందో చూసి, మధ్యలో కనీసం మూడు గంటలుండేలా టికెట్ తీసుకోండి, వీలైతే అదీ ఒకే పీఎన్ఆర్ మీద.